ఇడ్లీ పిండితో గీసిన ఇల్లు

చెన్నై వెళ్ళొచ్చానని చెప్పగానే మా అపార్టుమెంటులో అందరూ ఒకే ప్రశ్న వేశారు. మెరీనా చూశావా అని. చూడలేదు. చీరలు కొన్నావా అన్నారు. కొనలేదు సరికదా, తీసుకెళ్ళిన చీరల్ని కూడా మట్టి చేసుకుని తెచ్చాను. మరి అంత దూరం వెళ్ళి ఏం చేశావే అని మావారు నవ్వారు. ఒక ఇల్లు గీశాం, అందులో తిరిగాం, ఆ ఇంటికోసం పోట్లాడి గెలిచాం. సముద్రం ఎక్కడికీ పోదు, దాన్ని ఎప్పుడైనా చూడొచ్చు.

వెళ్ళడానికి కారణం రత్నమ్మ పిన్ని. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. విజయవాడలో పుట్టి, పెళ్ళై వ్యాసర్పాడి వెళ్ళింది. బాబాయి పెరంబూరు రైల్వే వర్కుషాపులో పనిచేసేవాడు. ఆయన పోయాక ఇంటి వాకిట్లోనే పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్ముకుంటోంది. ఒకరోజు ఫోన్ చేసి, "పద్దూ, వొచ్చేయ్ మే. నీ చెయ్యి కావాల," అంది. మన "ఏమే" అక్కడ "మే" అయింది. మా కాలనీ ముగ్గుల పోటీలో నన్ను ఓడించినవాళ్ళు ఇంకా పుట్టలేదు, ఆ సంగతి పిన్నికి బాగా తెలుసు. ఎవరిదో పెళ్ళి కాబోలు, పందిట్లో ముగ్గు వేయించుకుంటుందనుకుని రంగుల డబ్బాలు కూడా సర్దుకుని బయలుదేరాను.

సెంట్రల్ నుంచి లోకల్ రైల్లో

తెల్లారేసరికి చెన్నై సెంట్రల్‌లో దిగాను. ఆ వేళకే ఒళ్ళంతా చెమట. ఉక్కపోతలో మా బెజవాడని ఎవరూ మించలేరని ఇన్నాళ్ళూ గర్వంగా చెప్పుకునేదాన్ని, ఆ గర్వం ప్లాట్‌ఫారం మీదే పోయింది. కాఫీ మాత్రం ఒప్పుకోవాలి. మన ఊళ్ళో అదే డబ్బుకి వచ్చేది కాఫీ రంగు నీళ్ళు. ఇక్కడ నురగతో గ్లాసు నిండా పోశాడు.

అక్కడినుంచి వ్యాసర్పాడికి లోకల్ రైలు. అదృష్టం బాగుండి కిటికీ పక్కన చోటు దొరికింది. కూర్చున్నానో లేదో, ఎవరో ఒకావిడ తన పూలబుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టేసి, తను కమ్మీ పట్టుకుని నిలబడింది. అడగలేదు, చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయి చుట్టూ చూస్తే, కూర్చున్న ప్రతి మనిషి ఒళ్ళోనూ నిలబడ్డవాళ్ళ సంచో, టిఫిన్ డబ్బానో ఉంది. ఇక్కడ అది మామూలట. మన సిటీ బస్సులో ఆ పని చేస్తే రెండు వీధులు వినిపించేలా గొడవ జరుగుతుంది.

నా మొహం చూసి ఆవిడకి నవ్వొచ్చింది. "ఊరికి కొత్తా? కూసున్నోళ్ళకి ఒళ్ళు సుమ్మానే కదా ఉండాది," అంది తెలుగులోనే. ఊరికే ఉన్న ఒళ్ళే కదా అని. నేను దిగేటప్పుడు బుట్టలోంచి మూర మల్లెపూలు తెంపి నా జడలో పెట్టింది, డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది. అద్దె అనుకొమ్మంది.

వ్యాసర్పాడి

పిన్ని వాళ్ళ వీధిలో ఇళ్ళు చిన్నవి, వాకిళ్ళు పెద్దవి. బతుకంతా వాకిట్లోనే. ఒక గుమ్మం ముందు ఇస్త్రీ బండి, ఇంకో గుమ్మం ముందు కుట్టుమిషను. కుట్టుమిషను పిన్ని కోడలు జయంతిది. వీధి చివర ఎస్తేరమ్మ ఎండుచేపలు ఆరబెట్టి, కాకుల్ని తోలుతూ గొడుగు కింద కూర్చుంటుంది. మధ్యలో మా పిన్ని పొయ్యి.

"ఎట్టుండావు మే? చిక్కిపోయినావే!" అంటూ నా సంచి లాక్కుని, మొహం కడుక్కోనివ్వకుండానే ఇడ్లీలు పెట్టింది. ఇక్కడ ఇడ్లీకి వడకర్రీ వేస్తారు. శనగపప్పు వడల్ని చిదిపి మసాలాలో ఉడికించిన కూర. ఆపైన సాంబారు పోస్తారు, ఇడ్లీ తేలేదాకా పోస్తారు. కారప్పొడీ నెయ్యీ అడిగితే పిన్ని నన్ను జాలిగా చూసింది. అలవాటు లేని మనిషినని ముక్కుతూనే తిన్నాను, మళ్ళీ పెట్టించుకుని తిన్నాను.

తిన్నాక పిన్ని ఒక రంగుల బొమ్మ తెచ్చి నా ముందు పరిచింది. ఈ వీధి ఇళ్ళన్నీ కొట్టేసి అదే చోట ఐదంతస్తుల బిల్డింగు కడతారట. బొమ్మలో అద్దాల్లాంటి కిటికీలు, ముందు పచ్చిక, మధ్యలో నీళ్ళు చిమ్మే ఫౌంటెను, పైన సౌరశక్తి దీపాలు. నాకు తెగ నచ్చింది, నోరు తెరిచి బాగుందన్నాను.

"బాగుండాది. ఎవురు లేదన్నారు? వానొస్తే మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడినోళ్ళం, మాకు మేడ వొద్దా?" అంది పిన్ని. తర్వాత బొమ్మలో అన్నిటికన్నా కింద వేలు పెట్టింది. అక్కడ వరసగా స్తంభాలూ, వాటి మధ్య కార్లూ ఉన్నాయి. "కిందంతా కార్లకంట. ఈ వీధిలో కారు ఎవురికుండాది చెప్పు. నాకు నాలుగో అంతస్తు ఇస్తారు. నా ఇడ్లీ తినను నాలుగంతస్తులు ఎవురెక్కుతారు మే?"

ఇళ్ళు కట్టించే సర్కారు ఆఫీసులో ఒక ఇంజినీరు మేడం ఉందట. మొదటి మీటింగులో అందరూ ఒకేసారి అరిచేసరికి ఎవరేమన్నారో ఆవిడకి అర్థం కాలేదు. ఆదివారం పొద్దున వస్తాను, మీకేం కావాలో అప్పుడు నిదానంగా చూపించండి, ఆ తర్వాత పటం సంతకానికి వెళ్ళిపోతుంది అని చెప్పి వెళ్ళింది. చూపించడం ఎలాగా అని వీధి ఆడవాళ్ళు ఆలోచించి ఒక మాట అనుకున్నారు. కాయితం మీద పటం వాళ్ళకి అంతుపట్టదు. అందుకని పక్కనున్న మైదానంలో కింది అంతస్తు మొత్తం అసలు కొలతల్లో నేలమీద గీసేసి, అందులో పొయ్యి పెట్టి, తిరిగి చూసుకుని, మేడంకి చూపించాలి. నా చెయ్యి కావలసింది అందుకు. రంగుల డబ్బాలు మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.

మనలి దాటి

మర్నాడు పిన్ని నన్ను బస్సులో మనలి వైపు తీసుకెళ్ళింది. రిఫైనరీ గొట్టాలూ, ట్యాంకరు లారీలూ, ముక్కు మూసుకున్నా ఆగని వాసనా. అవి దాటాక ఒక కొత్త కాలనీ. పిన్ని ఆడబిడ్డ కనకమ్మ కుటుంబానికి, పాత ఇల్లు కొట్టేశాక, అక్కడ ఇల్లు వచ్చింది.

దూరంనుంచి ముచ్చటగానే ఉంది. దగ్గరికెళితే పచ్చిక చుట్టూ కంచె, కంచెకి తాళం. కింద స్తంభాల మధ్య ఒక కుక్క పడుకుని ఉంది. కనకమ్మది మూడో అంతస్తు. గచ్చు అద్దంలా ఉంది, కుళాయిలో నీళ్ళొస్తున్నాయి. వెనకటి ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ సాయంత్రం పూట వాకిట్లో బజ్జీలు వేసి అమ్మేది.

మేం వచ్చామని బజ్జీలు వేస్తానని లేచింది. వాయి తర్వాత వాయి వేస్తూనే ఉంది. పళ్ళెం నిండింది, బేసిన్ నిండింది. ఉన్నది ముగ్గురం. "చాలు వొదినా," అని పిన్ని చెయ్యి పట్టుకున్నాక ఆగి, బేసిన్ వంక చూసుకుంది.

"చెయ్యికి తెలీదు రత్నా. వీధి మొత్తానికీ కలిపేస్తాది," అంది.

ఏడవలేదు. నవ్వింది కూడా. వెలుతురూ గాలీ నీళ్ళూ అన్నీ ఇచ్చి, ఆ మనిషికి కావలసిన పది అడుగుల నేల ఒక్కటి మాత్రం మరిచిపోయారు. మరిచినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అడగాలని తోచలేదు, అంతే.

మిగిలిన బజ్జీలన్నీ సంచిలో పోసి ఇచ్చింది. బస్సులో పిన్ని ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి లేచి, ముందు సీటునుంచి వెనక సీటుదాకా అందరికీ తలో బజ్జీ పంచింది. కండక్టరుకి రెండు. "మా వొదిన చేసింది, తినండి," అని తమిళంలో గట్టిగా చెప్పుకుంటూ పంచింది.

పెరంబూరు బజారు, ఆ సాయంత్రం మైదానం

శనివారం ముగ్గుపిండి కొనడానికి పెరంబూరు వెళ్ళాం. ఇక్కడ పొద్దున్నే గుమ్మం ముందు ముగ్గు లేని ఇల్లు కనబడదు. మన దగ్గర అపార్టుమెంట్లు వచ్చాక స్టిక్కరు అంటించి చేతులు దులుపుకుంటున్నాం. వాళ్ళు పలచటి బియ్యప్పిండి నీళ్ళతో కూడా వేస్తారు, ఆరాక తెల్లగా తేలి గట్టిగా నిలబడుతుంది. తిరిగొస్తూ దారిలో జయంతి నాకు అత్తో తినిపించింది. బర్మానుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి. నూడుల్సులో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు పులుసు వేసి బండివాడు చేత్తో కలిపి ఇస్తాడు. మొదటి ముద్దకి భయపడ్డాను, చివరి ముద్దకి జయంతి ప్లేటు వైపు చూశాను.

మైదానం క్రికెట్ ఆడే కుర్రాళ్ళది. ఆదివారం మ్యాచి ఉందన్నారు. మధ్యాహ్నం దాకా మాది, ఆపైన మీది, అందరికీ టిఫిన్ నాది అని పిన్ని బేరం కుదిర్చింది.

మేడం ఇచ్చిన కాయితంలో కొలతలు అడుగుల్లో ఉన్నాయి. జయంతి వాటిని చీరల్లోకి మార్చింది. చీరంటే పద్దెనిమిది అడుగులు, అందరి దగ్గరా ఉన్న టేపు అది. ఇద్దరు చెరో కొంగూ పట్టుకుని లాగి నిలబడితే, ఆ అంచు వెంబడి నేను గీత వేసుకుంటూ పోయాను. మెట్లు, స్తంభాలు, పిన్ని కొట్టు, ఇస్త్రీ బండి చోటు, జయంతి మిషను, గాలి పోయే చివరన ఎస్తేరమ్మ చేపలు. సూర్యుడు వంగేసరికి పూర్తయింది. ఒక్క గీత వంకర లేదు. నడుం పట్టుకుని లేచి, పొగుడుతారని చూశాను.

అందరూ చుట్టూ అంచునే నిలబడి ఉన్నారు. ఒక్కరూ లోపలికి రావడం లేదు.

"రండి, ఏంటలా నిలబడ్డారు?" అన్నాను.

"ఎట్ట రావాలమ్మా?" అంది ఎస్తేరమ్మ.

అప్పుడు చూసుకున్నాను. నేను పిన్ని కొట్టు మధ్యలో ఉన్నాను. నాలుగు వైపులా గీత. ఆ కొట్టుకే కాదు, ఏ గదికీ తలుపు లేదు. మా అమ్మ నాకు చిన్నప్పుడు నేర్పిన మొదటి పాఠం, ముగ్గులో గీత తెరిచి వదలకూడదని. కలపకుండా లేస్తే మొట్టికాయ పడేది. నా చెయ్యి బుద్ధిగా అన్నీ కలిపేసింది. కాలనీ ఛాంపియన్ని నా ఇంట్లో నేనే ఖైదీనయ్యాను.

మైదానం గొల్లుమంది. క్రికెట్ కుర్రాళ్ళు కూడా పడీపడీ నవ్వారు. కానీ ఒకటి గమనించాను. అంత నవ్వుతూ కూడా ఏ ఆడదీ గీత దాటలేదు. జయంతి దూకుదామని కాలెత్తి మళ్ళీ దించేసింది. వేసిన ముగ్గుని తొక్కడానికి ఎవరికీ కాలు రాదు.

పిన్ని వచ్చి వంగి, కొట్టు గీతని వీధి వైపు అరచేత్తో తుడిచింది. తుడిచిన చేతిని కళ్ళకద్దుకుంది. "ఇదీ నా వాకిలి," అంది.

అంతే, ఒక్కొక్కరే వచ్చి ఎవరి వాకిలి వాళ్ళు తుడుచుకున్నారు. అక్కడే అసలు సంగతులు బయటపడ్డాయి. ఇస్త్రీ బండాయనకి వీధి వైపు తలుపు అక్కర్లేదు, మెట్ల వైపు కావాలి, బట్టలు పైనుంచి వస్తాయి కనక. ఎస్తేరమ్మకి రెండు తలుపులు కావాలి, గాలి ఆడకపోతే చేపలు వాసనొస్తాయి కనక. జయంతి తలుపు అత్తగారి తలుపుకి ఎదురుగా పెట్టుకోలేదు. నా పొరపాటు లేకపోతే ఆ తలుపులన్నీ నేనే నాకు తోచిన చోట పెట్టేసేదాన్ని.

మెట్ల మలుపు సరిపోతుందో లేదో చూడాలని ఒక మంచం తెచ్చారు. దానిమీద పిన్ని పడుకుంది, నలుగురు ఎత్తారు. మంచం మలుపులో ఇరుక్కుంది. "ఇంకొంచెం వెడల్పు చెయ్యండి. బతికినన్ని దినాలూ నిలబడే ఉండాను, పోయేటప్పుడన్నా పొణుకొని పోనీండి," అంది పిన్ని ఆకాశం చూస్తూ. మలుపు వెడల్పు చేశాం.

ఇంటికెళ్ళి అన్నం తింటుంటే వాన మొదలైంది.

ఆదివారం

పొద్దున వెళ్ళేసరికి మైదానంలో ఒక్క గీత లేదు. నేల తడిసి ముద్దయింది. ఉన్న పిండి చల్లి చూశాను, చల్లినట్టే కరిగిపోయింది. మేడం వచ్చే వేళవుతోంది. బియ్యం పిండి పట్టించడానికి కూడా మర ఇంకా తెరవలేదు.

పిన్ని గబగబా ఇంటికెళ్ళి, ఇడ్లీ పిండి గంగాళం జయంతితో మోయించుకుని వచ్చింది. ఆదివారం బేరానికి రుబ్బిన పిండి. మిగతా రోజులన్నీ ఒక ఎత్తు, ఆదివారం బేరం ఒక ఎత్తు. ఒక గిన్నెలోకి కొంచెం తీసి పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో నీళ్ళు కలిపేసింది.

"పిన్నీ, ఇవాళ బేరం?" అన్నాను.

"ఇయ్యాల యాపారం ఇదే. గియ్యి మే," అంది.

నేనొక్కదాన్ని కాదు, వీధి ఆడవాళ్ళంతా వంగారు. చీరలు లాగి పట్టారు, చెంబులతో పిండి పోశారు. ఈసారి తలుపులు వదిలి గీశాం. పిండి ఆరుతూ తెల్లగా తేలడం మొదలైంది. హమ్మయ్య అనుకునేలోపు కాకులు దిగాయి. "అయ్యో, గోడలు తినేస్తా ఉండాయి!" అని ఎస్తేరమ్మ గొడుగు తీసుకుని పరిగెత్తింది. ఒక కాకి జయంతి వాళ్ళ గోడ సగం తిని వెళ్ళింది. దాన్ని మళ్ళీ గీశాం.

మేడం వచ్చింది. నడివయసు, నూలు చీర, చేతిలో చుట్టిన కాయితం. ఆవిడది తిరుత్తణి వైపట, తెలుగు వచ్చు. అంచున నిలబడి చాలాసేపు చూసింది. పిన్ని తన కొట్టులో నిజంగానే పొయ్యి వెలిగించి, పక్కన పెట్టిన పిండితో ఇడ్లీలు వేస్తోంది.

"కష్టపడినారు," అంది మేడం గీత అవతలినుంచి. "అయినా, కింద అంతస్తు ఎందుకు ఖాళీగా వదిలినామో మీకు తెలుసు కదా అమ్మా. ఈడ నీళ్ళు వస్తాయి. కింద మనుషుల్ని పెడితే రేపు వానకి నన్నే అడుగుతారు."

ఆ మాటలో తప్పు లేదు. ఆవిడ చెడ్డదైతే పోట్లాడ్డం తేలికగా ఉండేది. అందరూ పిన్ని వైపు చూశారు.

పిన్ని ఇడ్లీ పాత్ర మూత పెట్టి, నిదానంగా చెప్పింది. "ఇండ్లు పైనే కట్టండి మేడం. పొణుకునేది పైనే. నీళ్ళొచ్చినప్పుడు గ్రైండరు ఎత్తుకుని మేమే పైకి పోతాము, ఇన్నేండ్లూ మాకదే పని. నీళ్ళొచ్చేది ఏడాదిలో నాలుగు దినాలు. మిగతా దినాలు మేము బతకాల గదా?"

మేడం చేతిలో కాయితం విప్పి చూసింది, మళ్ళీ చుట్టింది.

"నేను చూడవచ్చునా?" అంది చివరికి.

ఆవిడ నిలబడ్డ చోటుకీ పిన్ని పొయ్యికీ మధ్య ఒక్క పిండి గీతే అడ్డం. అడుగు వేస్తే లోపలే. కాలు ఎత్తింది కూడా. ఎత్తిన కాలు దించి, గీత వంక చూసి, పక్కకి తిరిగింది. ఎస్తేరమ్మ చేపల చోటు దాటి, మిషను దాటి, మైదానమంతా చుట్టూ నడిచి వీధి వైపు వచ్చింది. ముందురోజు పిన్ని అరచేత్తో తుడిచి చూపించిన ఆ వాకిలి దగ్గర ఆగి, చెప్పులు విప్పి, లోపలికి వచ్చింది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకు దాచుకోవాలి? ఆ క్షణంలోనే మేం గెలిచామని తెలిసిపోయింది. పిన్ని తన కొట్టుకి వచ్చిన మొదటి మనిషికి పీట వేసి, ఇడ్లీలు పెట్టి, అవి తేలేదాకా సాంబారు పోసింది.

తిన్నాక మేడం కాయితం నేలమీద పరిచి, కార్ల చోటు మీద అడ్డంగా పెద్ద గీత కొట్టింది. కొట్లన్నిటినీ నడుమెత్తు అరుగు మీదికి లేపుతానంది, బళ్ళు ఎక్కడానికి వాలు పెడతానంది. ఫౌంటెను తీసేసి ఆ చోటు పిండి రుబ్బుకోవడానికీ, బట్టలు ఆరేయడానికీ ఇచ్చింది. తర్వాత మమ్మల్ని తిట్టింది. "ఇంత గీసినారు, ఒక్క చెట్టు గీసినారా? మే నెల ఎండలో ఈ అరుగు మీద ఎవరు కూచుంటారు?" నిజమే, మాకెవరికీ తోచలేదు. చెట్లెక్కడో చూపించమంటే జనం పరిగెత్తి తలో చోటా నిలబడ్డారు. పిండి కడిగిన నీళ్ళు పోయే దారిలో మునగచెట్టు ఉండాలంది పిన్ని. మేడం అక్కడ చిన్న సున్నా చుట్టింది.

మధ్యాహ్నం కుర్రాళ్ళు బ్యాట్లు పట్టుకుని వచ్చారు. మైదానం అప్పగించాం.

ఇంటికొచ్చాక

విజయవాడలో రైలు దిగేసరికి నా చీర కుచ్చిళ్ళకి ఇడ్లీ పిండి అట్టకట్టి ఉంది. బస్సులో ఖాళీ సీటు దొరికింది. పక్కన నిలబడ్డ ఆవిడ సంచి అందుకుని నా ఒళ్ళో పెట్టుకోబోతే, దొంగనుకుని ఆవిడ గట్టిగా లాక్కుంది. మన ఊరికి ఇంకా టైము పడుతుంది.

నెలలు గడిచాయి. పోయిన వారం పిన్ని ఫోన్ చేసింది. కొత్త పటానికి సంతకం అయింది. మెట్ల మలుపు వెడల్పు కూడా అందులో ఉంది. వీధిలో వాళ్ళకి పక్కనే తాత్కాలికంగా ఇళ్ళిచ్చి, పాతవి తీసేసి, పునాదికి సున్నంతో గుర్తులు వేయడానికి మనుషులు వచ్చారట.

"ఒకడు పెద్ద బూట్లేసుకుని నా కొట్టు గీతని తొక్కతా అడ్డంగా వొచ్చేస్తా ఉండాడు మే. నేనూరుకుంటానా? ఒరే అబ్బయ్యా, అది గోడ, ఎనక్కి పో, వాకిలి ఆ పక్కనుండాది అని చెప్పినాను."

"ఏమన్నాడు పిన్నీ?"

"ఏమంటాడు? చుట్టూ తిరిగి వొచ్చినాడు. బూట్లు ఇప్పి వొచ్చినాడు."